జామెట్రీ బాక్సులో హెడ్‌ఫోన్ ఆంప్: నడిమి వైరుతో నా తంటాలు

శనివారం, మొదటి రోజు

తమ్ముడు పుణె ఉద్యోగానికి పోతూ బీరువా మీద ఒక హెడ్‌ఫోన్ వదిలేసి వెళ్ళాడు. బేయర్‌డైనమిక్ డీటీ 990 ప్రో, 250 ఓమ్‌ల రకం. నా ఫోన్‌కి జాక్ లేదు, టైప్ సీ రంధ్రంలో పెట్టుకునే చవక డాంగిల్ ఒకటుంది. దానికి తగిలించి పాత వీణ కచేరీ వేశాను. వాల్యూమ్ చివరికంటా పెంచినా వీణ కంటే పక్కింటి మిక్సీయే గట్టిగా వినిపించింది. ఈ హెడ్‌ఫోన్ చెవి వెనుక జాలీతో తెరిచి ఉండే రకం, బయటి చప్పుడు దేన్నీ ఆపదు.

మీటర్ తీశాను. ఫోన్‌లో 100 హెర్ట్జ్ టోన్ ఫుల్ లెవెల్లో పెట్టి ఏసీ వోల్టులు కొలిస్తే డాంగిల్ ఇస్తున్నది 0.47. (వెయ్యి హెర్ట్జ్ కాకుండా 100 ఎందుకంటే, నా మీటర్‌లాంటి చవక వాటిని కరెంటు సప్లై ఫ్రీక్వెన్సీ దగ్గరలోనే నమ్మొచ్చు. పైకి పోయేకొద్దీ అవి నోటికొచ్చింది చెబుతాయి.) ఈ హెడ్‌ఫోన్ ఒక మిల్లీవాట్‌కి 96 డెసిబెల్స్ ఇస్తుంది. 250 ఓమ్‌లకు ఒక మిల్లీవాట్ అందాలంటే సరిగ్గా అర వోల్టు కావాలి. అంటే నా డాంగిల్ ఊపిరి బిగబట్టి అరిచినా 96కి కాస్త కిందే ఆగిపోతుంది. కొత్త సినిమా పాటలకు అది చాలు, వాటిని రికార్డింగ్‌లోనే నొక్కి నొక్కి పైకి లేపుతారు. పాత కచేరీ టేపుల సగటు లెవెల్ అంతకు ఇరవై డెసిబెల్స్ కిందుంటే మిక్సీ గెలవడంలో వింతేముంది?

డాంగిల్‌కీ హెడ్‌ఫోన్‌కీ మధ్య శబ్దాన్ని పెంచే ఆంప్ (యాంప్లిఫయర్) ఒకటి కావాలి. రెండు మూడు వేలు పెడితే రెడీమేడ్‌గా వస్తుంది, నిజమే. కానీ సీమోయ్ కట్టాలని కాలేజీ రోజుల నుంచి నాకొక కోరిక. 1990ల చివర్లో చూ మోయ్ అనే ఆయన ఇంటర్నెట్‌లో పెట్టిన సర్క్యూట్ అది. ఒక 9 వోల్టుల బ్యాటరీ, ఒక ఆపాంప్ (సిగ్నల్‌ను పెంచే చిప్), గుప్పెడు రెసిస్టర్లు. అమెరికాలో దీన్ని పుదీనా బిళ్ళల రేకు డబ్బాలో ఇరికించడం ఒక ఆచారంగా మారింది. మనింట్లో రేకు డబ్బా అంటే జామెట్రీ బాక్సే. అమ్మాయిని అడిగితే, "తీసుకో నాన్నా, కానీ అందులో నా డీ ఉంది, అది మాత్రం ఇచ్చెయ్" అంది. డీ అంటే కోణమానిని. ఆ పేరు మా రోజుల్లోనూ అదే.

శనివారం, మధ్యాహ్నం, కోఠి

చైతన్యపురిలో మెట్రో ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగి గుజరాతీ గల్లీకి నడిచాను. కావలసినవన్నీ ఒక చీటీ మీద రాసుకుపోయాను. ఈ అలవాటు లేకపోతే ఆ గల్లీలో మనిషి అవసరం లేని ఎల్‌ఈడీ పట్టీలు కొనుక్కుని ఇంటికొస్తాడు.

సర్క్యూట్‌లో అందరూ మెచ్చుకునే చిప్ ఓపీఏ2134. ఒక దుకాణంలో దొరికింది. ధర వినగానే అనుమానం వచ్చింది, మరీ చవక. చిప్ వీపు మీద గోటితో గీకి చూశాను, పేరు పొడిలా రాలింది. దుకాణదారు నవ్వి, "అన్నా, పని జేస్తది గదా" అన్నాడు. చేస్తుందేమో. ఏ చిప్ చేస్తుందో తెలియకుండా దాని గురించి డైరీ రాయడమెందుకని వెనక్కిచ్చి ఎన్ఈ5532 తీసుకున్నాను. నలభై ఏళ్ళకు పైబడ్డ పాత కాపు, ఆడియో మిక్సర్లలో వరసగా కనబడుతుంది, ఇరవై రూపాయల లోపు. తోడుగా ఒక టీఎల్072 కూడా కొన్నాను, పది రూపాయలేగా అని. ఈ పది రూపాయలే తర్వాత నన్ను కాపాడాయి.

ఎనిమిది కాళ్ళ ఐసీ బేస్, జీరో బోర్డు (భాగాలు సోల్డర్ చేసే చిల్లుల బోర్డు) ముక్క, 220 మైక్రోఫారడ్ కెపాసిటర్లు రెండు, పాలిస్టర్ కెపాసిటర్లు, రెసిస్టర్లు, 3.5 మిల్లీమీటర్ల జాక్‌లు రెండు, బ్యాటరీ క్లిప్, స్విచ్, డ్యూయల్ పాట్ (రెండు వైపుల వాల్యూమ్‌నూ ఒకేసారి తిప్పే కంట్రోల్). పాట్ దగ్గర మోసపోయాను. నేను అడిగింది ఏ10కే, అంటే లాగ్ రకం, మొదట్లో శబ్దాన్ని మెల్లగా పెంచేది. ఇంటికొచ్చి చూస్తే దాని మీద బీ10కే అని ఉంది, లీనియర్. తప్పు నాదే, డబ్బులిచ్చే ముందు వెనక్కి తిప్పి చూడాల్సింది.

శనివారం, రాత్రి

బ్రెడ్‌బోర్డు (సోల్డరింగ్ లేకుండా భాగాలు గుచ్చే పలక) మీద అసలు సర్క్యూట్ యథాతథంగా కట్టాను. ఆపాంప్‌కి ప్లస్, మైనస్ రెండూ కావాలి, బ్యాటరీకి ఉన్నవి రెండు కొనలే. అందుకని రెండు 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు వరసగా పెట్టి, వాటి నడిమి బిందువునే గ్రౌండ్ అనుకోమంటుంది సర్క్యూట్. 9 వోల్టులు రెండు నాలుగున్నరలుగా చీలుతాయి. ఇన్‌పుట్‌లో 0.1 మైక్రోఫారడ్, దాని వెనుక గ్రౌండ్‌కి 100 కిలో ఓమ్‌లు. ఫీడ్‌బ్యాక్‌లో 10 కిలో, 1 కిలో, అంటే గెయిన్ (సిగ్నల్ ఎన్ని రెట్లు పెరుగుతుందో) 11.

బ్యాటరీ 9.2 వోల్టులుంది. స్విచ్ వేసి కొలిస్తే గ్రౌండ్‌కి అటు 4.6, ఇటు 4.6. ముచ్చటేసింది. తమ్ముడి హెడ్‌ఫోన్‌ను మొదటి రోజే బలిపెట్టకూడదని డ్రాయర్లో పడున్న పాత 32 ఓమ్‌ల ఇయర్‌ఫోన్ తగిలించాను. టప్‌మని చెంపదెబ్బలాంటి చప్పుడు, తర్వాత పాట. పాట అంటే పాట కాదు, చింపిన కాగితం వెనుక నుంచి ఎవరో పాడుతున్నట్టు. మృదంగం దెబ్బ పడ్డప్పుడల్లా బరబర.

వైరింగ్ మూడుసార్లు చూశాను. తప్పు లేదు. చిప్ కాళ్ళ పక్కనే 0.1 మైక్రోఫారడ్ ఒకటి పెట్టాను, మార్పు లేదు. చిప్ చెడిందేమో అనుకుని పన్నెండింటికి పడుకున్నాను.

ఆదివారం

నిద్ర లేవగానే తట్టింది. రాత్రి వోల్టేజీలు కొలిచింది ఇయర్‌ఫోన్ పెట్టకముందు! ఇప్పుడు పెట్టి కొలిచాను. ప్లస్ వైపు 8.2, మైనస్ వైపు 1.0. నడిమి గ్రౌండ్ నడిమిన లేదు, జారి అడుగున కూర్చుంది. ఇయర్‌ఫోన్ పీకితే మళ్ళీ 4.6, 4.6. పెడితే 8.2, 1.0.

ఐసీ బేస్ ఉంది కాబట్టి 5532 ఊడదీసి టీఎల్072 గుచ్చాను. ఇయర్‌ఫోన్ పెట్టినా 4.6, 4.6. బరబర పోయింది. కానీ టీఎల్072కి కండ లేదు, 32 ఓమ్‌లను లాగలేక కొంచెం గట్టిగా పెట్టగానే పాట నలిగిపోతోంది. అయితే వైరింగ్ సరిగ్గా ఉందని, నా 5532 కూడా బహుశా బాగానే ఉందని తేలింది. ఈ రెండు చిప్‌ల స్వభావంలో ఏదో తేడా ఉండాలి. వాటి డేటాషీట్లు (తయారీదారు ఇచ్చే వివరాల పత్రాలు) రెండూ పక్కపక్కన తెరిచాను.

తేడా ఇన్‌పుట్ కాలి దగ్గర దొరికింది. టీఎల్072 ఇన్‌పుట్‌లో ఉన్నది ఫెట్ అనే రకం ట్రాన్సిస్టర్, అది దాదాపు కరెంటే తాగదు. 5532లో ఉన్నది మామూలు ట్రాన్సిస్టర్, దానికి ఎప్పుడూ చిటికెడు కరెంటు పోస్తూ ఉండాలి. డేటాషీట్‌లో మామూలుగా 200 నానోఆంపియర్లు అని, గరిష్ఠంగా 800 అని ఉంది. చిటికెడే, కానీ అది వచ్చేది ఆ 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్ గుండా. నా చిప్ మీద ఆ రెసిస్టర్ కొనల మధ్య 13 మిల్లీవోల్టులు చూపించింది మీటర్, అంటే 130 నానోఆంపియర్లు. ఆ 13నూ గెయిన్ 11 రెట్లు చేస్తుంది, ఎందుకంటే ఈ సర్క్యూట్‌కి సంగీతమా, డీసీనా అన్న విచక్షణ లేదు. ఔట్‌పుట్‌లో ఏ పాటా లేకుండానే 140 మిల్లీవోల్టులకు పైగా డీసీ.

ఇక్కడి దాకా సహించొచ్చు. అసలు దెబ్బ తర్వాత ఉంది. ఆ డీసీ ఇయర్‌ఫోన్ గుండా కరెంటు పారిస్తుంది, 32 ఓమ్‌లకు ఒక్కో వైపు నాలుగు మిల్లీఆంపియర్లకు పైమాట. రెండు వైపులవీ కలిసి ఆ నడిమి గ్రౌండ్ నుంచే రావాలి. అది నిజమైన గ్రౌండ్ కాదు, రెండు 4.7 కిలోల నడుమ నిలబెట్టిన బొమ్మ. లెక్కకు అది 2.35 కిలో ఓమ్‌ల వెనుక ఉన్న సప్లై. దాని నుంచి తొమ్మిది మిల్లీఆంపియర్లు లాగమంటే ఇరవై వోల్టుల పైన కావాలి, మన దగ్గరున్నవి నాలుగున్నర. అందుకే గ్రౌండ్ మైనస్ వైపు జారిపోయి, ఇక జారడానికి చోటు లేక ఆగింది. మృదంగం దెబ్బలో కింది సగం నేలకు కొట్టుకుని ఆ బరబర.

నా లెక్క నిజమా కాదా అని ధైర్యం చేసి డీటీ 990 పెట్టాను. 250 ఓమ్‌లు కాబట్టి రెండు వైపులా కలిపి 1.14 మిల్లీఆంపియర్లు, దాన్ని 2.35 కిలోలతో గుణిస్తే 2.7 వోల్టులు జారాలి. మీటర్‌లో ప్లస్ వైపు 7.2, మైనస్ వైపు 2.0. అంటే 2.6 జారింది. కాగితం మీద అంకె మీటర్‌లో కనబడితే వచ్చే ఆనందం ముందు పాట వినడం ఎంత అనిపించింది ఆ క్షణంలో.

ఫెట్ ఇన్‌పుట్ చిప్ కోసం రాసిన సర్క్యూట్‌లో ట్రాన్సిస్టర్ ఇన్‌పుట్ చిప్ పెట్టి, చిప్ చెడిపోయిందని తిట్టుకున్నాను. ఓపీఏ2134 కూడా ఫెట్ రకమే, అందుకే దాంతో కట్టినవాళ్ళకు ఈ బాధ తగలదు.

బుధవారం

ఆఫీసు నుంచి వచ్చాక రెండు గంటలు. రెండు మార్పులు చేశాను.

మొదటిది గెయిన్. 11 నాకు అక్కర్లేదు. 0.47 వోల్టులను 11 రెట్లు చేస్తే ఐదు దాటుతుంది, ఈ బ్యాటరీతో అంత ఎత్తుకు చిప్ లేవలేదు. 1 కిలో తీసి 4.7 కిలో పెట్టాను, గెయిన్ 3.1కి దిగింది. ఫుల్ లెవెల్లో దాదాపు 1.47 వోల్టులు, అంటే మునుపటి కంటే పది డెసిబెల్స్ పైకి. నాకు ఇదే ఎక్కువ.

రెండోది ఆ 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్. దాన్ని 10 కిలోకి దించాను. అదొక్కటే దించితే కింది స్వరాలు చచ్చిపోతాయి, ఎందుకంటే ముందున్న కెపాసిటరూ అదీ కలిసే కింది హద్దు గీస్తాయి. కెపాసిటర్‌ను 0.1 నుంచి 1 మైక్రోఫారడ్‌కి పెంచితే హద్దు యథాస్థానంలో, 16 హెర్ట్జ్ దగ్గరే ఉంటుంది. పాలిస్టర్ ఒక మైక్రోఫారడ్ కాస్త లావు. బోర్డు మీద దాని కోసం బ్యాటరీని పక్కకు జరపాల్సి వచ్చింది.

ఫలితం: ఔట్‌పుట్‌లో డీసీ ఎడమ వైపు 3 మిల్లీవోల్టులు, కుడి వైపు 4. డీటీ 990 పెట్టి కొలిస్తే 4.67, 4.53. ఇయర్‌ఫోన్‌తో 5.1, 4.1. టప్‌మనే చప్పుడు కూడా సన్నగిల్లింది.

గ్రౌండ్‌ను గట్టిగా పట్టి ఉంచడానికి టీఎల్ఈ2426 అని ప్రత్యేకంగా ఒక చిప్ ఉంది, కోఠిలో నాకు దొరకలేదు. దొరికినా ఇప్పుడు అవసరం లేదు.

అనుకోని లాభం ఒకటి. ఆ లీనియర్ పాట్‌తో మొదటి పావు తిప్పులోనే శబ్దమంతా వచ్చేసేది, మిగతా ముప్పావు వృథా. పాట్ నడిమి కాలికి ఇప్పుడు 10 కిలోల బరువు తగిలింది కదా, దాంతో సగానికి తిప్పితే రావాల్సిన 0.5 వంతు కాస్తా 0.4కి దిగింది. లాగ్ పాట్ అయిపోలేదు గానీ ఆ దిక్కుకు తిరిగింది.

శనివారం, సోల్డరింగ్

జీరో బోర్డును హాక్సా బ్లేడుతో జామెట్రీ బాక్సు వెడల్పుకి కోశాను. ముందు ఐసీ బేస్, తర్వాత రెసిస్టర్లు, చివర్లో పొడుగైనవి. ఛానెళ్ళు రెండూ అద్దంలో బొమ్మల్లా ఎదురెదురుగా వేశాను. అలా వేస్తే ఒక వైపు తప్పు చేసినా రెండో వైపు చూసి పట్టుకోవచ్చు. నిజంగానే ఒకటి పట్టుకున్నాను, కుడి ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ ఒక చుక్క పక్కన పడింది.

బాక్సుకి చిల్లులు వేయడమే అసలు కష్టం. రేకు పల్చన. డ్రిల్ బిట్ తగలగానే పైకి లేచి గిర్రున తిరిగింది, బొటనవేలు గీసుకుపోయింది. తర్వాత లోపల చెక్కముక్క అడ్డం పెట్టి, మేకుతో చిన్న గుంట కొట్టి అప్పుడు డ్రిల్ చేశాను. పాట్ కోసం 7 మిల్లీమీటర్ల చిల్లు కావాలి, నా దగ్గరున్న పెద్ద బిట్ 6. మిగతా ఒకటి గుండ్రటి ఆకురాయితో, ఓపికతో.

మూత వేసి పాడించాను. వేలు నాబ్‌కి తగిలితే బుయ్‌మని హమ్. పాట్ ఒంటికి గ్రౌండ్ అందడం లేదు, బాక్సుకి లోపల పెయింట్ ఉంది. పాట్ కూర్చునే చోట బ్లేడుతో పెయింట్ గీకి నట్ బిగించాను, హమ్ మాయం. బాక్సు మూత లోపలి వైపు ఎక్కాలు, కొలతల పట్టిక అచ్చేసి ఉన్నాయి. వాటిని గీకడానికి చేయి రాలేదు. బ్యాటరీ పక్కన పదమూడో ఎక్కం అలాగే ఉంది.

ఈ రేకు పెట్టెతో ఒక జాగ్రత్త. పెట్టె ఒళ్ళంతా నడిమి గ్రౌండ్, బ్యాటరీ మైనస్ కాదు. బ్యాటరీ మైనస్ వైరు ఎక్కడ గీసుకుని రేకుకి తగిలినా కింది సగం షార్టే. క్లిప్ దగ్గర స్లీవ్ తొడిగి, పైన టేపు చుట్టాను.

మంగళవారం, ఒక వెధవ పని

9 వోల్టుల బ్యాటరీలు కొనీ కొనీ పారేయడం నచ్చక, 5 వోల్టులను 9 చేసే బూస్ట్ మాడ్యూల్ ఒకటి తెప్పించాను. పవర్ బ్యాంక్‌కి పెట్టి, ఫోన్ నుంచి పాట పెడితే పనిచేసింది. వెనుక సన్నగా కీచుమనే శబ్దం, దోమ చెవి పక్కన ఉన్నట్టు.

తర్వాత తెలివి ఎక్కువై అదే మాడ్యూల్‌ను లాప్‌టాప్ యూఎస్‌బీకి పెట్టి, పాట కూడా లాప్‌టాప్ జాక్ నుంచే ఇచ్చాను. ఇయర్‌ఫోన్ టక్‌మని మూగబోయింది. మీటర్: పైన 9.0, కింద 0.0. జాక్ గ్రౌండూ యూఎస్‌బీ మైనసూ లాప్‌టాప్ లోపల ఒకటే. నా పెట్టెలో మాత్రం అవి రెండూ వేరు. ఆడియో వైరు పెట్టగానే నడిమి గ్రౌండ్‌కి, మైనస్‌కి ముడి పడింది. ఆ సమయంలో డీటీ 990 పెట్టి ఉంటే తమ్ముడికి ఫోన్ చేయాల్సి వచ్చేది. మాడ్యూల్ డ్రాయర్లోకి పోయింది. రీఛార్జ్ అయ్యే 9 వోల్టుల సెల్ చూడాలి.

పాట లేనప్పుడు మొత్తం కరెంటు 9.6 మిల్లీఆంపియర్లు. ఇందులో ఎల్‌ఈడీ వాటా ఒకటి కూడా లేదు, దానికి 10 కిలో పెట్టాను, చీకట్లో కనబడితే చాలని. కిరాణా కొట్లో దొరికే మామూలు 9 వోల్టుల సెల్‌ని ఇది తొందరగా తాగేస్తుంది, ఆల్కలైన్ కొంచెం ఓర్చుకుంటుంది.

ఆదివారం, వినడం

ఇప్పుడు వీణ వినిపిస్తోంది. పాట్ సగం దాటకుండానే, మిక్సీని దాటి. మీటు పడ్డాక తీగ సద్దు తంబూరలోకి కరిగిపోయే దాకా వినొచ్చు. మొదటి గంట ఆహా అనుకున్నాను. "శబ్దం విప్పారింది", "లోతు వచ్చింది" అని ఈ డైరీలో రాయబోయి ఆగాను. గట్టిగా వినిపించేది ఎప్పుడూ బాగానే వినిపిస్తుంది.

అందుకని అమ్మాయిని కూర్చోబెట్టాను. 100 హెర్ట్జ్ టోన్ మీద డాంగిల్ నేరుగా, డాంగిల్ నుంచి ఆంప్ ద్వారా, రెండింటినీ హెడ్‌ఫోన్ దగ్గర 0.30 వోల్టులకు సరిచేశాను. నేను గోడ వైపు తిరిగి కూర్చున్నాను, వైర్లు మార్చడం అమ్మాయి పని, బొమ్మా బొరుసూ వేసి. పదిసార్లలో ఆరుసార్లు సరిగ్గా చెప్పాను. "నాన్నా, అంటే నువ్వు గుడ్డిగా చెప్తున్నట్టేగా" అంది. అంతే. సమాన లెవెల్లో నా చెవికి తేడా తెలియడం లేదు. ఆంప్ ఇచ్చింది పది డెసిబెల్స్ చోటు, నాకు కావలసిందీ అదే.

లోపం ఒకటి మాత్రం చెవికి స్పష్టంగా తెలుస్తోంది. రాత్రిపూట బాగా తగ్గించి వింటే పాట కుడి వైపు వాలుతుంది. పాట్‌ను అడుగున పెట్టి కొలిస్తే ఎడమ 21 మిల్లీవోల్టులు, కుడి 29. దాదాపు మూడు డెసిబెల్స్ తేడా. డ్యూయల్ పాట్ లోపల రెండు పట్టీలూ సమానంగా లేవు, చవక పాట్‌లలో అడుగున ఈ జబ్బు మామూలే. ప్రస్తుతానికి ఫోన్‌లో వాల్యూమ్ తగ్గించి, పాట్‌ను సగం దగ్గరే ఉంచుతున్నాను.

స్విచ్ వేసేటప్పుడు చిన్న టప్ మిగిలే ఉంది, కెపాసిటర్లు నిండే లోపు గ్రౌండ్ ఊగుతుంది. ముందు స్విచ్ వేసి తర్వాత హెడ్‌ఫోన్ పెట్టడం, తీసేటప్పుడు ముందు హెడ్‌ఫోన్ పీకడం. మూత మీద స్కెచ్ పెన్నుతో రాసి పెట్టాను, ఇంట్లో ఇంకెవరైనా తీస్తారని.

ఇవాళ బ్యాటరీ 8.1 వోల్టులుంది. వచ్చే శనివారం కోఠికి మళ్ళీ వెళ్ళాలి. ఏ10కే రెండు మూడు తెచ్చి, ఇంట్లో మీటర్‌తో కొలిచి, రెండు పట్టీలూ దగ్గరగా ఉన్నది ఏరుకోవాలి. ఈసారి కొట్లోనే వెనక్కి తిప్పి చూస్తాను. అమ్మాయికి కొత్త జామెట్రీ బాక్సు కూడా బాకీ ఉంది.